అతకని చర్మం

పది రోజులు బుద్ధిగా అంటుకుని ఉన్న చర్మం ఆ తరవాత ఊడి వచ్చేసింది. మొదటి రోజే ఊడి ఉంటే ఎందుకమ్మ ఈ కేసు ముట్టుకునేది కాదు. పది రోజులు ఉండి, అందరి చేతా హమ్మయ్య అనిపించి, అప్పుడు ఊడటమేమిటి? ఆ ప్రశ్న చెప్పులో రాయిలా గుచ్చుతూ ఉంటే ఆవిడ ఆస్పత్రి నుంచి ల్యాబ్ దాకా నడిచే వచ్చింది.

ఎందుకమ్మ అన్నది ఆవిడ అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. పోలీసు ఉద్యోగం చేసినన్నాళ్ళూ ప్రతిదానికీ 'ఎందుకు?' అని అడిగి పై అధికారుల ప్రాణం తోడేసింది గనక స్టేషన్లో ఆ పేరు పెట్టారు. ఉద్యోగం ముందే వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినా, పేరు మాత్రం వెంటే వచ్చింది. మొదట్లో ఉడుక్కునేది. ఇప్పుడు ఎవరైనా ఫోన్లో 'ఎందుకమ్మగారా?' అంటే 'ఆ, నేనే. ఎందుకూ?' అంటుంది.

కథంతా ఆవిడకి ఆ ఉదయం ఆస్పత్రి వరండాలో కాలిన మనిషి భార్య చెప్పింది. అన్నదమ్ములిద్దరు కలిసి చెక్క సామాన్లకి పాలిష్ వేసే వర్క్‌షాపు నడుపుకునేవారు. ఓ సాయంత్రం థిన్నర్ డబ్బాలు అంటుకుని షెడ్డంతా క్షణాల్లో కొలిమైపోయింది. లోపలున్న ఇద్దరూ కాలిపోయారు. తమ్ముడు వారం తిరక్కుండానే పోయాడు. అన్న మిగిలాడు. మిగిలాడంటే, తల నుంచి పాదాల దాకా కట్లతో, గొంతులో గొట్టంతో, నోట మాట లేకుండా మిగిలాడు. ఒంటి మీద కాలని చోటు నుంచి ఓ ముక్క కోసి, దాన్ని ల్యాబ్‌లో పెంచి, పొరలు పొరలుగా తెచ్చి ఆయనకి కప్పారు. ఆయన చర్మమే, డబ్బాలో పెరిగిందట, తెచ్చి ఆయనకే కప్పారట. ఆవిడ ఆ మాట చెప్తున్నప్పుడు ఆ ఏడుపులోనే ఎక్కడో ఓ చిన్న ఆశ్చర్యం కూడా ఉంది. అంత ఆశపెట్టి ఆ చర్మం మోసం చేసింది.

ఆపరేషన్ చేసిన సర్జన్ దాపరికం లేకుండా చెప్పేశాడట. ప్రస్తుతానికి దాతల చర్మం అరువు తెచ్చి కప్పి నెట్టుకొస్తున్నాడు, అది ఎల్లకాలం నిలవదు. ఇంకో నెల దాకా ఎలాగోలా లాక్కురాగలడు, ఆ లోపల సొంత చర్మం పడకపోతే చేతులెత్తేయడమే. మళ్ళీ ముక్క కోసి పెంచుదామంటే ఒంటి మీద గోరంత మంచి చోటు లేదు. మొదట కోసిన చోట చీము పట్టింది. అంటే ఆ మనిషి బతకాలంటే ఇప్పుడు చర్మం ఎక్కడి నుంచో ఊడిపడాలి.

భార్య పక్కనే ఆవిడ తమ్ముడు నిలబడి ఉన్నాడు. కాలిన మనిషికి స్వయానా బావమరిది. వర్క్‌షాపుకి కావలసిన సరుకంతా తెచ్చేది అతనే. ఎందుకమ్మ వద్దంటున్నా టీ తెచ్చి చేతిలో పెట్టాడు, కుర్చీ తెచ్చి వేశాడు, అక్క ఏడిస్తే భుజం పట్టుకున్నాడు. ల్యాబ్ వాళ్ళ మీద నిన్ననే కంప్లైంటు ఇచ్చానని, ఆ పిల్లని జైల్లో వేయించేదాకా ఊరుకోనని చెప్పాడు. మా వాడే లేకపోతే నేను ఏమైపోయేదాన్నోనండీ అని ఆవిడ చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

'ఆ పిల్ల' అంటే ఇదిగో, ఇప్పుడు ఎందుకమ్మ ఎదురుగా కూర్చుని వేళ్ళు నలుపుకుంటున్న ల్యాబ్ అమ్మాయి. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. ల్యాబ్ పెద్ద ఊళ్ళో లేడు, ఉన్నదల్లా ఈ పిల్లే. పొద్దున్నే ఇన్‌స్పెక్టర్ వచ్చి ఓ దఫా ఉతికి ఆరేసి వెళ్ళాడట. ఇన్‌స్పెక్టరంటే ఎందుకమ్మ కింద పని నేర్చుకున్నవాడే. ఎదురుగా 'మేడమ్' అంటాడు, వెనక ఏమంటాడో చెప్పేశాంగా.

ఎందుకమ్మ నేరుగా ప్రశ్నల్లోకి దిగలేదు. ముందు ఆ చర్మం పెరిగే గది చూపించమంది. లోపలికి వెళ్ళాలంటే చెప్పులకి తొడుగులు, తలకి టోపీ, ఒంటికి గౌను, చేతులకి గ్లవ్స్. ఒక్కోటీ ఎందుకు అని అడుగుతూనే తొడుక్కుంది. జవాబులు చెప్పీ చెప్పీ ఆ పిల్లకి భయం కాస్త తగ్గింది. తన పని గురించి చెప్పేటప్పుడు ఎవరైనా కొంచెం నిటారుగా నిలబడతారు. అది ఎందుకమ్మకి తెలుసు.

గది చిన్నదే. ఓ మూల గాజు తలుపున్న ఇంక్యుబేటర్, గుడ్లు పొదిగే పెట్టెలాంటిది, మనిషి ఒంటి వేడినే ఎప్పుడూ కాపాడుతూ ఉంటుంది. మధ్యలో గాలి కూడా వడకట్టి వదిలే బల్ల. ఇంకో మూల మూత బిగించిన పెద్ద క్యాన్. అందులో ద్రవ నైట్రోజన్, చేయి పెడితే చేయి విరిగిపోయేంత చలి. కోసి తెచ్చిన ముక్కని కణం కణంగా విడదీసి, డబ్బాల్లో నాటి, గులాబీ రంగు నీళ్ళు పోస్తే మూడు వారాల్లో ఓ తపాలా బిళ్ళంత ముక్క దుప్పటంత అవుతుందని ఆ పిల్ల చెప్పింది. కణాలని ఆ పిల్ల 'పిల్లలు' అంటోంది. పిల్లలకి పండగ లేదు, ఆదివారం లేదు, రోజు మార్చి రోజు తిండి పెట్టాల్సిందే.

"ఎంత మందం ఉంటుందే ఆ పొర?"

"ఉల్లిపొర కన్నా పల్చన మేడమ్. అందుకే గాజుగుడ్డ మీద పరిచి, అంచులకి క్లిప్పులు పెట్టి పంపిస్తాం. చేత్తో పట్టుకుంటే ముడుచుకుపోతుంది."

ఎందుకమ్మ ఇంక్యుబేటర్ గాజులోంచి తొంగి చూసి, ఓసారి నిట్టూర్చింది. ఇన్నేళ్ళు తన ఒంటికి అంటిపెట్టుకుని ఉన్న వస్తువు గురించి తనకి ఇంత తక్కువ తెలుసా అని ఆవిడకి సిగ్గేసింది. తరవాత అలారం సంగతి ఎత్తింది. ఇన్‌స్పెక్టర్ కేసంతా ఆ అలారం మీదే నిలబడింది. పొరలు ఆస్పత్రికి పంపే ముందు రోజు ఇంక్యుబేటర్ అలారం ఆపేసి ఉంది, కాబట్టి లోపల వేడి పెరిగి చర్మం పాడైంది, కాబట్టి ఈ పిల్ల నిర్లక్ష్యమే కారణం. ఇదీ ఆయన లెక్క.

అలారం ఆపింది తనేనని ఆ పిల్ల ఒప్పుకుంది. తలుపు తీసినప్పుడల్లా అది మోగుతుందట. ఆ రోజు పొరలన్నీ విడదీయాలి, తీస్తూ వేస్తూ ఉండాలి, చెవులు చిల్లులు పడుతుంటే ఆపేసింది. మళ్ళీ పెట్టడం మర్చిపోయింది. కానీ వేడి పెరగలేదని మాత్రం ఒట్టేసి చెప్పింది.

"పెరిగి ఉంటే?"

"ఆ రాత్రే చచ్చిపోయేవి మేడమ్."

"చచ్చిన చర్మం కప్పితే ఏమవుతుంది?"

"అసలు అంటుకోదు. కట్టు విప్పగానే గాజుగుడ్డతో పాటే వచ్చేస్తుంది."

"మరి ఇది అంటుకుందిగా. పది రోజులు ఉందిగా."

 పొద్దున్నుంచీ నువ్వు చంపేశావు, నువ్వు చంపేశావు అని అందరూ అంటుంటే, తను చంపలేదనడానికి ఆ పది రోజులే సాక్ష్యమని ఆ పిల్లకే తట్టలేదు పాపం. ఎందుకమ్మ స్టూలు దగ్గరికి లాక్కుంది. బతికున్న చర్మం, శుభ్రంగా అంటుకున్న చర్మం ఎప్పుడు ఊడుతుందో చెప్పమంది. చీము పడితే అంది ఆ పిల్ల. పట్టిందా అంటే, పొరలు వేసిన చోట పట్టలేదని సర్జన్‌గారే రాశారంది. ఇంకా ఎప్పుడు అని ఎందుకమ్మ వదల్లేదు.

"ఇంకంటే... పరాయివాళ్ళ చర్మమైతే," పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోతోంది ఆ పిల్ల. "మొదట్లో బాగానే అంటుకుంటుంది మేడమ్. పది రోజులో, రెండు వారాలో. ఇది నాది కాదని ఒళ్ళు పసిగట్టగానే గెంటేస్తుంది."

చెప్పడం అయ్యాక తను చెప్పింది తనకే వినబడింది. మొహం పాలిపోయింది.

ఎందుకమ్మ గొంతు తగ్గించి అడిగింది, ఆ రోజుల్లో ఈ గదిలో ఇంకెవరి చర్మం పెరుగుతోందని. ఎవరిదీ లేదంది ఆ పిల్ల. ఆయన తమ్ముడిది తప్ప. ఇద్దరి ముక్కలూ ఒకే రోజు వచ్చాయి. తమ్ముడు పోయాడని కబురు రాగానే ఆయనది ఆపేసింది. పారేయడానికి మనసొప్పలేదు, అప్పటిదాకా తిండి పెట్టిన చేతులు కదా, గొట్టాల్లో పోసి ఆ నైట్రోజన్ క్యాన్‌లో గడ్డకట్టించి ఉంచింది. ల్యాబ్ పెద్ద వచ్చి పారేయమంటే అప్పుడు పారేద్దామనుకుంది.

"ఏది ఎవరిదో ఎట్లా గుర్తు పెట్టుకున్నావు?"

ఆ పిల్ల ఇంక్యుబేటర్ కింది అరలోంచి ఖాళీ డబ్బా ఒకటి తీసి చూపించింది. మూత మీద నల్ల మార్కర్‌తో 'పెద్ద' అని రాసి ఉంది. క్యాన్‌లో ఉన్నవాటి మీద 'చిన్న' అని ఉంటుందంది. వార్డు వాళ్ళు సీసాల మీద మామూలు పెన్నుతో రాసి పంపారట. లోపలికి తెచ్చే ముందు ప్రతి సీసానీ స్పిరిట్‌తో తుడవాలి. తుడిస్తే సిరా కాస్తా చెరిగిపోయింది. మిగిలింది ఇంటిపేరే, అదేమో ఇద్దరిదీ ఒకటే.

"పెద్ద అంటే అన్నగారా?"

"అవును మేడమ్, పెద్దాయన..." అంటూ ఆగిపోయింది. కాసేపు ఆ మూత వంకే చూసింది. "కాదు. నేను రాసినప్పుడు అన్నగారని రాయలేదు. ముక్క పెద్దదని రాశాను. ఒకటి పెద్ద ముక్క, ఒకటి చిన్న ముక్క. తరవాత ఫోన్ చేసి కనుక్కుందామనుకున్నాను. ఈలోగా వార్డు సిస్టరే ఫోన్ చేసి, పెద్దాయనదీ చిన్నాయనదీ రెండూ అందాయా అంది. అందాయి, పెద్దదీ చిన్నదీ రెండూ ఉన్నాయన్నాను. సరిపోయిందిలే అనుకున్నాను."

"తమ్ముడు పోయినప్పుడు?"

"చిన్నాయన పోయారు, చిన్నది ఆపేయమన్నారు." ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "చిన్నది ఆపేశాను."

ఒక్క మాట. వార్డులో దానికి వయసు, ఇక్కడ దానికి కొలత. ఇద్దరూ అదే మాట అన్నారు, ఇద్దరూ ఔనంటే ఔననుకున్నారు, పొరపాటు ఎవరికీ కనబడలేదు. ఎవరి ముక్క పెద్దదో తేలిపోతే చాలు, ఈ చిక్కు విడిపోతుంది. సర్జన్ నంబరు కోసం ఎందుకమ్మ ఫోను తీసే లోపలే బయట బూట్ల చప్పుడైంది.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. టోపీ లేదు, గౌను లేదు, కాలికి తొడుగు లేదు. వెంట ఓ కానిస్టేబుల్. ల్యాబ్ సీజ్ చేస్తున్నానని గుమ్మంలోంచే ప్రకటించాడు. ఎందుకమ్మని చూసి చేతులు కట్టుకుని నవ్వాడు.

"మీరు ఇక్కడెందుకని అడగను మేడమ్. ఆ మాట మీ సొంతం."

ఆయన సైగ చేయగానే కానిస్టేబుల్ నైట్రోజన్ క్యాన్ మూత తీసేశాడు. తెల్లటి పొగ నేల మీదికి జారింది. చేతికి గుడ్డ చుట్టుకుని, గొట్టాలు తగిలించి ఉన్న కడ్డీని పైకి లాగి పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ ప్లాస్టిక్ కవరు తెరిచాడు. ల్యాబ్ అమ్మాయి కెవ్వుమనబోయి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"ముందు దాన్ని లోపలికి దించమను," అంది ఎందుకమ్మ. "తరవాత నువ్వు ఏం చెప్పినా వింటాను."

"సాక్ష్యం మేడమ్. స్టేషన్‌కి తీసుకెళ్ళాలి."

"స్టేషన్ దాకా కూడా అక్కర్లేదు, నీ జీపు మలుపు తిరిగే లోపే కరిగి చచ్చిపోతుంది. అది సాక్ష్యం కాదు నాయనా, మనిషి. ఆ ఆస్పత్రిలో ఉన్నాయనలో కాలకుండా మిగిలింది అదొక్కటే."

చనిపోయినవాడి చర్మంతో బతికున్నవాడికి ఏం పని అని ఆయన దీర్ఘం తీశాడు. అలారం ఆపినట్టు ఆ పిల్లే ఒప్పుకుందనీ, కేసు తేలిపోయిందనీ, ఇంకా ఈ ఎందుకులు ఎందుకనీ అన్నాడు. ఎందుకమ్మ ఆ కడ్డీ వంక చూస్తూనే నిలబడింది. ఆవిడ జీవితంలో ఎవరినీ బతిమాలింది లేదు. ఇప్పుడు బతిమాలింది. తన మాట తప్పని తేలితే ఈ కేసులోంచే కాదు, ఈ వృత్తిలోంచే తప్పుకుంటానంది. కానిస్టేబుల్‌కి ఈ వాదనలో ఒక్క ముక్కా అర్థం కాలేదు గానీ, గుడ్డలోంచి చేతికెక్కుతున్న చలి మాత్రం బాగా అర్థమైంది. ఇన్‌స్పెక్టర్ ఔనూ కాదూ అనే లోపలే కడ్డీని కాస్తా లోపలికి జారవిడిచి మూత పెట్టేశాడు.

సర్జన్ ఫోన్ ఎత్తగానే ఎందుకమ్మ అందరికీ వినబడేలా పెట్టింది. అడగాల్సింది ఒకటే. ఆ రోజు ఎవరి ఒంటి నుంచి ఎంత ముక్క కోశారు?

"తమ్ముడికి తొడ కాలలేదు, కాబట్టి పెద్ద ముక్కే దొరికింది," అన్నాడాయన. "అన్నగారికి ఎక్కడా ఏమీ మిగల్లేదండీ. చంకలో ఇంత చిన్న ముక్క తీశాను. ఎందుకు?"

ఎందుకో ఎందుకమ్మ చెప్పింది.  చచ్చిపోయిన తమ్ముడి చర్మాన్ని బతికున్న అన్నకి తన చేతులతోనే కప్పానని సర్జన్‌కి మెల్లిగా అర్థమవుతోంది. రక్తసంబంధం కాబట్టే అన్ని రోజులు నిలిచి ఉంటుందని గొణిగాడు. ఆ గొట్టాల్లో ఉన్నవి బతికి ఉంటే ఇవాళే మొదలుపెట్టమని, మూడు వారాలు తను ఎట్లాగైనా కాస్తానని చెప్పాడు. ఊడిన పొర తునక ఒకటి దాచి ఉంచాను, నిజమో కాదో దానితో పరీక్ష చేయిస్తానన్నాడు. ఆయన ఫోన్ పెట్టేయబోతుంటే ఎందుకమ్మ ఇంకో మాట అడిగింది. ఈ పెద్ద ముక్క, చిన్న ముక్క సంగతి అప్పట్లో ఇంట్లోవాళ్ళకి ఎవరికైనా చెప్పారా అని.

"చెప్పకుండా ఎట్లా కోస్తాం? ఏ చోట నుంచి ఎంత తీస్తున్నామో చెప్పే సంతకం పెట్టించుకున్నాను. భార్యకి ఆ రోజు స్పృహే లేదు కదా, ఆవిడ తమ్ముడు, అదే, ఆ బావమరిది పెట్టాడు."

ల్యాబ్ అమ్మాయి ఇదేదీ వినే స్థితిలో లేదు. కొత్త గ్లవ్స్ తొడుక్కుని ఒక గొట్టం తీసింది, గోరువెచ్చని నీళ్ళల్లో గబగబా ఆడించింది, గులాబీ నీళ్ళల్లో కలిపింది. ఏడుపంతా ఎటు పోయిందో, చేతులు మాత్రం తొణకలేదు. ఓ బొట్టు గాజు పలక మీద వేసి దానికి నీలం రంగు చుక్క చేర్చింది. చచ్చినవి రంగు పీల్చుకుని నీలంగా అయిపోతాయి, బతికున్నవి రంగుని దరిచేరనివ్వవు అని చెప్పి, మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టింది. పెట్టి అలాగే ఉండిపోయింది. అడగడానికి ఎందుకమ్మకే నోరు రాలేదు.

"మీరే చూడండి మేడమ్."

ఎందుకమ్మ చూసింది. అక్కడక్కడా నీలం చుక్కలు ఉన్నాయి. వాటి మధ్యన గుండ్రంగా, తెల్లగా మెరుస్తూ ఎన్నో. ఒక మనిషి చంకలోంచి తీసిన ఇంత ముక్క, ఇన్నాళ్ళు గడ్డకట్టి పడుకుని, అడ్రసు తప్పిపోయి, ఇప్పుడు లేచి కూర్చుంది. ఆవిడకి సంతోషం పట్టలేక నవ్వొచ్చింది. పక్కకి జరిగి ఇన్‌స్పెక్టర్‌ని కూడా చూడమంది. ఆయన బింకంగా వంగి, కాసేపయ్యాక బింకం మర్చిపోయి, ఇందులో ఏది చర్మం అని చిన్నపిల్లాడిలా అడిగాడు.

అయితే ఎందుకమ్మకి ఇంకో ఎందుకు మిగిలే ఉంది. అది మైక్రోస్కోప్‌లో కనబడేది కాదు.

"అలారం మీద కేసు పెట్టినవాడివి ఇంక్యుబేటర్ తీసుకుపోవాలి. ఆ క్యాన్ జోలికి ఎందుకెళ్ళావు?"

కంప్లైంటు ఇచ్చినాయన చెప్పాడన్నాడు ఇన్‌స్పెక్టర్. ఇంక్యుబేటర్ సంగతి అటుంచి, క్యాన్‌లో 'చిన్న' అని రాసి ఉన్నవి మాత్రం తప్పకుండా పట్టుకుపొమ్మని మరీ మరీ చెప్పాడట. నిన్న ఓసారి, పొద్దున్న ఓసారి. బాధలో ఉన్న మనిషి కదా అని తను ఊ కొట్టాడట.

ఎందుకమ్మ ల్యాబ్ అమ్మాయి వైపు తిరిగింది. ఆ బావమరిది ఇక్కడికి ఎప్పుడైనా వచ్చాడా? చాలాసార్లు వచ్చాడంది ఆ పిల్ల. మంచివాడు, ఇంటి తరఫున ఆయనే తిరిగేవాడు. తమ్ముడు పోయిన కొత్తలో వచ్చి ఏది పెరుగుతోందని అడిగితే, పెద్ద ముక్కది పెరుగుతోంది, చిన్నది ఆపేశామని చెప్పింది. అది విని కాసేపు మాట్లాడకుండా నిలబడ్డాడట. తరవాత, సరే, మీరు బాగానే చేస్తున్నారు, అలాగే కానివ్వండి అన్నాడట. పోయినాయన్ని తలుచుకుని బాధపడుతున్నాడనుకుంది. మొన్న కూడా వచ్చి ఆ చిన్నవి ఎప్పుడు పారేస్తారని అడిగాడు.

"ఏ ముక్క ఎవరిదో సర్జన్‌కి తెలుసు. ఏది పెరుగుతోందో ఈ పిల్లకి తెలుసు," అంది ఎందుకమ్మ నెమ్మదిగా. "రెండూ తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. పొరపాటు జరిగిపోతోందని చూశాడు, నోరు మూసుకున్నాడు. బావ మీద పరాయి చర్మం కప్పుతుంటే అక్క పక్కన నిలబడి దండం పెట్టుకున్నాడు."

 ఇన్‌స్పెక్టర్ మొహంలో రంగు మారింది. ఆ అగ్నిప్రమాదం ఫైలు మూసింది ఆయనే. షెడ్డు తలుపు పగలగొట్టిన పక్క షాపతను, గడియ బయట నుంచి వేసి ఉందని చెప్తే, వేడికి బిగుసుకుని ఉంటుందిలే అని కొట్టిపారేసింది ఆయనే. ప్రమాదం జరిగిన రోజు మధ్యాహ్నమే అన్నదమ్ములు బావమరిదిని పనిలోంచి తీసేశారని కూడా విన్నాడు. ఇంటి గొడవలు మనకెందుకని వదిలేశాడు. అదంతా ఇప్పుడు ఆయన నోటితోనే, తల దించుకుని చెప్పాడు. ఎందుకమ్మ దెప్పలేదు. దెప్పడానికి ఇది సమయం కాదు. లోపల ఉన్న ఇద్దరిలో ఒకడు పోయాడు. రెండోవాడి గొంతులో గొట్టం తీసిన రోజున గడియ ఎవరు వేశారో చెప్తాడు. చర్మం పడితే గొట్టం తీస్తారు.

ఎందుకమ్మ వార్డుకి ఫోన్ చేసి, ఈసారీ అందరికీ వినబడేలా పెట్టింది. సిస్టర్ ఎత్తింది. పేషెంటు భార్యని పిలవమంటే, ఆవిడ లేరంది. రాత్రంతా మేలుకున్నారు కదా, కాసేపు పడుకోమని తమ్ముడే బలవంతంగా ఇంటికి పంపాడట. పేషెంటు దగ్గర ఇప్పుడు ఆయనే ఉన్నాడు. ఆయన ఉంటే మాకు కూడా నిశ్చింత అంది.

ఎందుకమ్మ గొంతులో ఏ తొందరా తెలియనివ్వకుండా, పేషెంటు ఎలా ఉన్నాడని అడిగింది.

"మెలకువగానే ఉన్నారండీ. నాలుగు రోజుల నుంచి మత్తు తగ్గించాం, అన్నీ తెలుస్తున్నాయి, మాటే రాదు. ఒకటి చెప్పనా, ఇంకెవరు వచ్చినా మామూలుగా ఉంటారు. బావమరిది మంచం పక్కన కూర్చుని చెవిలో మాట్లాడితే మాత్రం గుండె వేగం పెరిగిపోతుంది, మిషన్ మోగుతూనే ఉంటుంది. ఇదిగో ఇప్పుడూ మోగుతోంది, వినబడుతోందా? ఆయనంటే ఎంత ప్రేమో అని మేమంతా అనుకుంటాం."

వినబడుతోంది. ల్యాబ్ గదిలో ఉన్న నలుగురికీ వినబడుతోంది. కానిస్టేబుల్ చేతిలోంచి జీపు తాళాలు లాక్కుని ఇన్‌స్పెక్టర్ అప్పటికే పరిగెడుతున్నాడు. ఎందుకమ్మ ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, "అమ్మా, నేను చెప్పేది జాగ్రత్తగా విను. ఇప్పుడే లోపలికి వెళ్ళు. ఏదో ఒక వంక పెట్టుకుని మంచం పక్కనే నిలబడు. నేను వచ్చేదాకా ఆయన్ని అతనితో ఒంటరిగా వదలకు," అంది.

"అలాగేనండీ," అంది సిస్టర్ అయోమయంగా. ఫోను బల్ల మీద పెట్టేసి వెళ్ళింది, అడుగుల చప్పుడు దూరమైంది. మిషన్ ఇంకాసేపు మోగింది. తరవాత, సిస్టర్ ఇంకా తలుపు చేరకముందే, ఆ మోత ఉన్నట్టుండి ఆగిపోయింది.